మానిక ఒక్కటే ఉండాలె

మా ఊరి షావుకారు ఇంట్లో రెండు మానికలు ఉండేవట. కల్లంలో రైతు దగ్గర వడ్లు కొలుచుకునేటప్పుడు ఒకటి తీసేవాడు. ఎండకాలం అదే రైతు తిండిగింజలకు పోతే ఇంకొకటి తీసేవాడు. చూపుకు రెండూ ఒక్క తీరుగనే ఉండేవి. తేడా అంతా అడుగునే. మా నాయినమ్మ ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివరన ఒక్క మాట అనేది: "పెద్దదా చిన్నదా అని కాదు బిడ్డా, మానిక ఒక్కటే ఉండాలె."

ఈ వారం నుంచి ఈ పేజీలో రాజకీయాల మీద నా అభిప్రాయాలు రాయబోతున్నాను. కొత్తగా వచ్చినవాడు ముందు తానెవరో చెప్పుకోవడం మర్యాద. కానీ పేరు, ఊరు, చదువు చెబితే సరిపోదు. అభిప్రాయాలు రాసేవాని గురించి పాఠకుడు అసలు తెలుసుకోవాల్సింది వేరే ఉన్నది. వాని దగ్గర మానికలు ఎన్ని? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నా తప్పొకటి మీ ముందు పెట్టాలి. అది పెట్టకుండా ఇతరుల తప్పులు ఎంచే హక్కు నాకు లేదు.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లా. చెరువు కింద రెండెకరాలు. వయసు ముప్పై ఏడు. డిగ్రీ అయిపోయి 2009లో ఉస్మానియాకు వచ్చాను. పుస్తకాలు తెరిచే లోపే నవంబర్ 29 వచ్చింది. కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేసిన రోజు అది. ఆ తర్వాత క్యాంపస్‌లో జరిగింది మీకు నేను చెప్పనవసరం లేదు. ముళ్లకంచెలు, బాష్పవాయువు, హాస్టల్ గదుల్లోకి వచ్చిన లాఠీలు. డిసెంబర్ 9న ప్రకటన వస్తే ఆర్ట్స్ కాలేజీ ముందు గంతులేసినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు వారాలకు, డిసెంబర్ 23న, ఆ మాట వెనక్కి పోతే ఏడ్చినవాళ్లలోనూ ఉన్నాను. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు నడిచిపోయాను. నా రాత అక్కడే మొదలైంది. మొదట కరపత్రాలు, తర్వాత వాల్‌పోస్టర్లు, ఆ తర్వాత పత్రికలకు వ్యాసాలు. నేను రాయడం నేర్చుకున్నది జర్నలిజం క్లాసులో కాదు, ధర్నా టెంటు కింద.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. సింగరేణి ఆగింది, ఆఫీసులు ఆగినయి, బడులు ఆగినయి, బస్సులు ఆగినయి. బస్సుల్లేక జనం పడ్డ బాధ నా కండ్లారా చూశాను. దవాఖానకు పోవాల్సిన ముసలామె ఆటోకు పైసల్లేక రోడ్డు పక్కన కూలబడింది. నేనేం రాశాను? "ప్రజలు కష్టాన్ని ఇష్టంగా ఓర్చుకుంటున్నారు" అని రాశాను. అది అబద్ధం కాదు. చాలామంది నిజంగానే ఓర్చుకున్నారు. ఆ ముసలామెను మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎనిమిదేండ్లు గడిచినయి. రాష్ట్రం వచ్చింది. నేనొక పత్రికలో సబ్ ఎడిటర్‌ని అయ్యాను. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు మళ్లా సమ్మెకు దిగారు. ఈసారి 52 రోజులు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది పెద్ద డిమాండు. గడువు లోపల పనిలోకి రాని దాదాపు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టేనని సర్కారు ప్రకటించింది. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట అప్పుడే పుట్టింది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. పండుగకు ఇంటికి పోయే జనం బస్టాండుల్లో నిలబడ్డారు. డెస్కులో కూర్చుని నేను పెట్టిన హెడ్డింగు: "బస్సుల్లేక జనం ఇక్కట్లు".

ఇది కూడా అబద్ధం కాదు. జనం నిజంగానే ఇబ్బంది పడ్డారు. కానీ రెండు హెడ్డింగులు పక్కపక్కన పెట్టి చూడండి. అదే బస్టాండు, అదే జనం, అదే బాధ. ఒకసారి దానిపేరు ఓర్పు, ఇంకొకసారి ఇక్కట్లు. నాకు ఎవరూ ఫోన్ చేసి ఇట్లా పెట్టమని చెప్పలేదు. మేనేజ్‌మెంట్ పిలిచి బెదిరించలేదు. చెప్పకముందే నా చేతికి తెలుసు. దాన్ని మించిన సెన్సార్ ఇంకొకటి ఉండదు.

నాలుగైదు రోజులకు డిపో పక్కన చాయ్ హోటల్లో ఒక కండక్టర్ కలిశాడు. 2011లో టెంటు కింద పరిచయం. నాకంటే వయసులో చాలా పెద్ద. చేతిలో మా పేపరే ఉన్నది. కోపం లేదు, తిట్టలేదు. మెల్లగా అడిగాడు.

"తమ్మీ, ఆనాడు మేం బస్సు ఆపితే ఉద్యమం అని రాస్తివి. ఇయ్యాల ఆపితే ఇక్కట్లు అని రాస్తివి. బస్సు గదే, డిపో గదే, నేను గూడ గదే మనిషిని. మరి మారింది ఎవలు?"

"అన్నా, డెస్కుల నేనొక్కన్నే కాదు గదా" అన్నాను.

"నేను గూడ డిపోల ఒక్కన్నే కాదు తమ్మీ" అని చాయ్ పైసలు తానే ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ రోజు నాకు నాయినమ్మ మానిక యాదికొచ్చింది. షావుకారు ఇంట్లోని రెండో మానిక నా సంచిలోనే ఉన్నదని తెలిసింది. ఆ ముచ్చటకు కొసమెరుపు కూడా ఉన్నది. విలీనం కుదరనే కుదరదని 2019లో ఏ సర్కారు కార్మికుల మీద కన్నెర్ర చేసిందో, ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకునే బిల్లును 2023 ఆగస్టులో ఆ సర్కారే అసెంబ్లీలో పెట్టి పాస్ చేయించింది. అంటే ఆ డిమాండు పిచ్చిది కాదు. ఆ 52 రోజుల్లో పోయిన ప్రాణాలను మాత్రం ఏ బిల్లూ తిరిగి తేలేదు. అప్పుడు కార్మికుని పక్క నిలబడాల్సిన కలాలు ఎటు పోయినయని ఎవరైనా అడిగితే, అందులో ఒకటి ఇది.

తెలంగాణలో కలం పట్టడం చిన్న పని కాదు. 1922లో ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చారు. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చారు. నిజాం రాజ్యంలో, తెలుగుకు సర్కారు ఆదరణ లేని కాలంలో. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' వచ్చింది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు తేల్చి చెబితే, ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు అప్పజెప్పలేదు. కవులను వెతికి పట్టుకున్నాడు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశాడు. ఇంక వాదన ఏమున్నది? అహంకారంతో అన్న మాటకు ఆధారంతో చెప్పిన జవాబు అది. అభిప్రాయం రాసే ప్రతివాడూ గోడకు రాసిపెట్టుకోవాల్సిన పాఠం.

ఇంకొక పేరు షోయబుల్లాఖాన్. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఎండగట్టాడు. పాలకుల భాషలో, పాలకుల మతంలో పుట్టినవాడు. ఊరికే ఉంటే కొలువు దొరికేది, కుర్చీ దొరికేది. పుట్టుకను బట్టి మానిక మార్చలేదు. 1948 ఆగస్టులో రాత్రిపూట ఇంటికి పోతుంటే కాల్చారు, రాసిన చేతిని నరికారు. అప్పటికి ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. ఎదుటివాని మీద రాయడానికి ధైర్యం కావాలి, నిజమే. మనవాళ్లని లోకం ఎవరిని అనుకుంటుందో వాళ్ల మీద రాయడానికి అంతకు పదింతలు కావాలి.

అభిప్రాయం మార్చుకోవడం కూడా మనకు పెద్దలే నేర్పారు. కాళోజీ మొదట విశాలాంధ్రను కోరుకున్నవాడే. కలిసిన తర్వాత జరిగింది చూసి, ప్రత్యేక తెలంగాణ వైపు నిలబడ్డాడు. దాచుకోలేదు, దొంగచాటుగా మారలేదు. నిజాంను ధిక్కరించి జైలుకు పోయిన మనిషే తర్వాత మన పాలకులనూ అదే గొంతుతో నిలదీశాడు. మాట మార్చడం వేరు, మనసు మార్చుకోవడం వేరు. మాట మార్చేవాడు పాత మాట ఎవరికీ యాదికి రావద్దని కోరుకుంటాడు. మనసు మార్చుకున్నవాడు పాత మాటను ముందు పెట్టి, ఎందుకు మారాడో చెబుతాడు.

ఇంకొక సంగతి ఉద్యోగ మిత్రులకు బాగా ఎరుకే. మన ఉద్యమం ఒక్క నినాదంతో నడవలేదు. కాగితాలతో నడిచింది. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో. ఆ జీవోను 1986 మార్చి 31 లోపు అమలు చేయాలన్నారు. ఏండ్లు గడిచినా అమలు కాలేదు. ఊరూరా తిరిగి జయశంకర్ సార్ చెప్పింది లెక్కలే. నీళ్లెన్ని, నిధులెన్ని, కొలువులెన్ని. ఆ లెక్కలు ఉన్నయి గనకనే ఎదుటివాళ్లు నోరు మూయాల్సి వచ్చింది. ఆయన 2011 జూన్ 21న కన్నుమూశారు. రాష్ట్రం చూడలేదు. ఆయన కొలిచిన పద్ధతి మాత్రం మనకు మిగిలింది. దాన్ని ఇతరుల మీదనే వాడి మన మీద వాడకపోతే ఆయన పేరు ఎత్తే అర్హత మనకు ఉండదు.

అందుకే ఆ మానికతో కొన్ని కొలుద్దాం. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో మనం ఎన్ని పగళ్లు కూర్చున్నామో యాది ఉన్నదా? ఆ జాగ లేకపోతే ఉద్యమానికి రాజధానిలో నిలబడే చోటే లేదు. స్వరాష్ట్రంలో, 2017లో, అక్కడ ధర్నాలు వద్దన్నారు. ఊరవతల చేసుకొమ్మన్నారు. ఆ జాగలో మళ్లా గొంతెత్తడానికి 2018లో హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. ధర్నాల్లో పుట్టిన సర్కారుకు ధర్నా శబ్దకాలుష్యం అయింది. ఉమ్మడి రాష్ట్రంలో ఏ ముఖ్యమంత్రి అయినా ఆ పని చేసి ఉంటే ఆ రాత్రే హైదరాబాద్ బందు పెట్టేవాళ్లం. 2017లో మనలో ఎందరం రోడ్డెక్కాం?

610 జీవో కోసం కొట్లాడిన ఉద్యోగులకు 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చింది. కొత్త జిల్లాల మధ్య పంపకంలో సీనియారిటీ చూశారు, పుట్టిన జిల్లా చూడలేదు. సొంత జిల్లాలో కొలువు చేసుకునే టీచర్లు, ముఖ్యంగా జూనియర్లు, ఎక్కడెక్కడికో పోయారు. స్థానికత అనే ఒక్క మాట మీద అరవై ఏండ్లు కొట్లాడిన గడ్డ మీద స్థానికతే లెక్కలోకి రాలేదు. ఆనాడు 610 మీద గొంతు చించుకున్న సంఘాల నాయకుల్లో కొందరు ఈసారి ఎంత మెల్లగా మాట్లాడారో ఉద్యోగులకు నేను చెప్పాలా?

2023 డిసెంబర్‌లో సర్కారు మారింది. మార్పు వచ్చింది, ఇంక గొంతులకు అడ్డం ఉండదన్నారు. 2025 మార్చిలో ఉస్మానియా క్యాంపస్‌లో ధర్నాలు, నినాదాలు నిషేధమని వర్సిటీ అధికారులు సర్క్యులర్ ఇచ్చారు. ఉస్మానియాలో నినాదం నిషేధం! 1952 ముల్కీ పోరాటంలో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద తూటాలు పేలినప్పటి నుంచి, 1969 మీదుగా, 2009 దాకా, నినాదం లేకుండా తెలంగాణ చరిత్రలో ఒక్క పేజీ కూడా తిరగలేదు. 2017లో నోరు మూసుకున్నవాళ్లు కొందరు 2025లో గట్టిగా అరిచారు. 2017లో గట్టిగా అరిచినవాళ్లు కొందరు 2025లో 'క్రమశిక్షణ' గురించి మాట్లాడారు. రెండు మానికలు అంటే ఇదే. పార్టీ మారితే మానిక మారుతున్నది. వడ్లు మాత్రం ఎప్పుడూ రైతువే.

మన తప్పులను కూడా దాటవేయలేం. మిలియన్ మార్చ్ రోజున ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలినయి. అందులో కవుల విగ్రహాలు కూడా ఉన్నయి. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ గుంపులో నేనున్నాను. అయినా మన కవులను లోకం లెక్కలోకి తీసుకోలేదని గోసపడ్డ జాతి ఇంకొక కవిని నేలకూల్చడం సరికాదు. ఆనాడు ఈ మాట రాయలేదు. రాస్తే ఉద్యమానికి నష్టమనుకున్నాను. అలాగే బిడ్డలు ప్రాణాలు తీసుకుంటుంటే మేం కరపత్రాల్లో వీరత్వం అని రాశాం. ఆపడానికి రాసిన దానికంటే మెచ్చుకోవడానికి రాసిందే ఎక్కువ. ఒక తల్లి కడుపుకోతను నినాదానికి వాడుకున్న పాపం నా కలానికీ అంటింది. ఇంక ఏ చావునూ ఈ కలం పొగడదు. చచ్చినవాని వెనుక ఉన్న ఇంటిని, అప్పును, చేయాల్సిన న్యాయాన్ని రాస్తుంది.

ఇప్పుడు నా లెక్క. నాకు ఏ పార్టీ సభ్యత్వమూ లేదు. ఉద్యమంలో విద్యార్థి జేఏసీ జెండా మోశాను, దానికి సిగ్గుపడను. నేను తటస్థుణ్ణి కాను. తటస్థుణ్ణని చెప్పుకునేవాళ్ల సంచి ముందు తనిఖీ చేయాలి. నేను తెలంగాణ పక్షం. కానీ తెలంగాణ అంటే సెక్రటేరియట్ కాదు, ఏ పార్టీ భవనమూ కాదు. కౌలు రైతు, కోచింగ్ సెంటర్ ముందు నిలబడ్డ నిరుద్యోగి, కాంట్రాక్టు లెక్చరర్, బీడీలు చుట్టే ఆడబిడ్డ. వాళ్లకు మేలు చేసినప్పుడు ఏ సర్కారునైనా పేరు పెట్టి మెచ్చుకుంటాను. కీడు చేసినప్పుడు కూడా పేరు పెట్టే రాస్తాను. "కొందరు", "కొన్ని శక్తులు" అని చాటుమాటు రాతలు రాయను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు అక్రిడిటేషన్ కార్డు ఉన్నది. సర్కారు జర్నలిస్టులకు ఇస్తానన్న ఇంటి జాగ కోసం పెట్టుకున్న దరఖాస్తు కూడా ఒకటి ఉన్నది. కిరాయి ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఉంటున్న. దాన్ని వాపసు తీసుకునేంత ధైర్యం నాకు ఇంకా రాలేదు. సర్కారు మీద నేను మెత్తగా రాసిన రోజు ఆ కాగితాన్ని యాదికి తెచ్చుకోండి. నన్ను అడగండి.

జరిగింది ఏదో, నేను అనుకుంటున్నది ఏదో విడివిడిగా కనపడేటట్టు రాస్తాను. అంకె చెప్పితే ఏ జీవోదో, ఏ ఏడాదిదో చెబుతాను. తప్పు దొర్లితే మూల మీద చిన్నక్షరాల్లో సవరణ వేసి చేతులు దులుపుకోను. తప్పు ఎక్కడ రాశానో అక్కడే, అంతే పెద్దగా దిద్దుతాను. అట్లా చేయనినాడు ఈ పేజీని పల్లీలు కట్టడానికి వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు.

మీ నుంచి కోరేది కూడా ఒకటున్నది. నేను మీకు నచ్చేది రాసినప్పుడు చప్పట్లు కొట్టడం తేలిక. మీ పార్టీ మీద, మీ సంఘం మీద, మీ కులపోని మీద రాసినప్పుడు "వీడు అమ్ముడుపోయిండు" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇదే పని అవతలివాడు చేసి ఉంటే మీరు ఏమనేవాళ్లు? రాసేవాని సంచిలో ఒక్క మానికే ఉండాలంటే, చదివేవాని ఇంట్లో కూడా ఒక్కటే ఉండాలి. రెండో మానిక కొనేవాడు లేకపోతే చేసేవాడు ఉండడు.

ఆ కండక్టర్ పోయినేడు రిటైర్ అయ్యాడు. ఈ పేజీ మొదలుపెడుతున్నానని చెప్పడానికి ఫోన్ చేశాను. విన్నాడు. మెచ్చుకోలేదు. "మల్ల సమ్మె అయితదిగ తమ్మీ, ఎక్కడనో ఒక్కకాడ అయితనే ఉంటది. అప్పుడు సూస్త నీ హెడ్డింగు" అన్నాడు.

ఆయన చూస్తాడు. మీరూ చూడండి.

జై తెలంగాణ.